ఇన్‌చార్జి రుద్రసేనుడు

ఇన్నేళ్లుగా జనం గ్రంథాలయాల నుంచి పుస్తకాలు పట్టుకెళ్లి, చదివి, తిరిగి తెచ్చి ఇస్తున్నారు గాని, చదివాక వాళ్లు తృప్తిగా ఉన్నారో లేదో పైవాళ్లకు తెలిసే దారి లేకపోయింది. ఒక సమీక్షా సమావేశంలో ఈ లోపం బయటపడింది. బయటపడిన వారం లోపే 'సంపూర్ణ పాఠక తృప్తి' అని ఒక పథకం పుట్టింది. పుస్తకం తిరిగి ఇచ్చే ప్రతివాళ్లూ ఒక అభిప్రాయ పత్రం నింపాలి. అందులో 'తృప్తి' అని ఒక గడి, 'అసంతృప్తి' అని ఒక గడి, కింద కారణాలకు ఎనిమిది గీతలు. పత్రం నింపనివాళ్లకు రెండో పుస్తకం లేదు.

ముసిడిపాలెం శాఖా గ్రంథాలయంలో ఈ పథకం మూడు నెలలపాటు నల్లేరు మీద బండిలా సాగింది. అక్కడి లైబ్రేరియన్ పైడిరాజు నెమ్మదస్తుడు. పుస్తకాల దుమ్ము దులపడంలో, వరస తప్పకుండా సర్దడంలో ఆయన్ని మించినవాడు లేడు. తాళాలు చేసేవాడు దొంగతనాల జోలికి పోనట్టు, ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క పుస్తకం లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు. ఆయన వేలు చూపించిన చోట జనం టిక్కు పెట్టి పోయేవారు. పోటీ పరీక్షల పుస్తకం చదివి మూడోసారి తప్పినవాడు కూడా తృప్తి అన్నాడు. 'ఆయుష్షు పెంచుకోండి' అన్న పుస్తకం పట్టుకెళ్లిన పెద్దాయన గడువు తీరకముందే పోతే, పుస్తకం తిరిగి తెచ్చిన కొడుకు తండ్రి తరఫున తృప్తి గడిలో టిక్కు పెట్టాడు. జిల్లా మొత్తానికి తృప్తి నూటికి నూరు.

ఆ నూరును చెడగొట్టింది నూకరత్నం.

నూకరత్నం బెల్లం మార్కెట్ యార్డులో లారీ కాటా దగ్గర పనిచేస్తుంది. లారీ పళ్లెం ఎక్కగానే అద్దాల గదిలో అంకె వెలుగుతుంది, ఆమె చీటీ రాసి సంతకం చేస్తుంది. వాళ్ల వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆవిడే. లారీకి లారీకి మధ్య ఖాళీ దొరికితే నవల తీస్తుంది. ఆ రోజుల్లో తీస్తున్నది 'ప్రేతప్రియుడు' నవలల వరస. మొత్తం తొమ్మిది భాగాలు. అలేఖ్య అనే బ్యాంకు ఆఫీసరమ్మ బదిలీ మీద వచ్చి, నీలిమేడ అనే పాత బంగళాలో అద్దెకు దిగుతుంది. ఆ మేడలో నూట ముప్పై ఏళ్ల కిందట చచ్చిపోయిన యువరాజు రుద్రసేనుడు దయ్యమై తిరుగుతుంటాడు. చూపులు కలుస్తాయి. మిగతాది చెప్పక్కర్లేదు.

ఐదో భాగం తిరిగి ఇస్తూ నూకరత్నం అసంతృప్తి గడిలో టిక్కు పెట్టింది. ఎనిమిది గీతలూ నింపింది.

'కథ బాగుంది. నాలుగో భాగంలో గోడలోంచి నడిచివచ్చిన రుద్రసేనుడు ఈ భాగంలో తలుపు తట్టి నిలబడటం ఎందుకో తెలియలేదు. అది సర్దుకోవచ్చు. కాని పౌర్ణమినాటికి వస్తానని అలేఖ్యకు మాట ఇచ్చి రాలేదు. ఆ పిల్ల బ్యాంకుకు సెలవు పెట్టి మేడ మెట్ల మీద కూర్చుంది. నూట ముప్పై ఏళ్లు ఆగిన మనిషికి ఒక్క పౌర్ణమి గుర్తుండదా? ఇది అన్యాయం. ఆరో భాగంలోనైనా వచ్చాడో లేదో చూడాలి.'

పైడిరాజు చదవలేదు. కట్టలో కట్టేసి పైకి పంపాడు. పది రోజులకు పరుగున కాటా గదికి వచ్చాడు.

"రత్నమ్మా, ఎంత పని చేసీసేవమ్మా! జిల్లా ఆఫీసు నుంచి ఫోను. రాష్ట్రం మొత్తం మీద అసంతృప్తి నీదొక్కటేనట."

"ఐతే మంచిదే కదండీ. చదివింది నేనొక్కదాన్నేనేమో."

"హాస్యం కాదమ్మా. అసంతృప్తి గడిలో టిక్కు పడితే అది అభిప్రాయం కాదట, అర్జీయట. నంబరు కూడా పడిపోయింది. ముప్పై రోజుల్లో పరిష్కారం చూపించి, 'నాకు తృప్తి కలిగింది' అని నీచేత సంతకం పెట్టించుకోవాలట. లేకపోతే నాకు మెమో."

"పుస్తకం బాగోలేదని నేను రాయలేదండి. ఆయన రాలేదని రాశాను. సరే, ఆరో భాగం ఇచ్చీండి, చదివి వచ్చాడేమో చూసి చెప్తాను."

పైడిరాజు నుదురు తుడుచుకున్నాడు. "అదే కదమ్మా చిక్కు. ఆరో భాగం ఉన్నది ఒకటే కాపీ. అర్జీకి సంబంధించిన గ్రంథం అని ఫైల్లో పెట్టీసేరు. పరిష్కారం అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకూడదు."

పరిష్కారం కావాలంటే ఆమెకు తృప్తి కలగాలి. తృప్తి కలగాలంటే ఆరో భాగం చదవాలి. చదవాలంటే పరిష్కారం కావాలి. నూకరత్నం ఆ లెక్కను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు తిప్పినా అంతే ఉంది.

"పోనీ, ఉత్తినే సంతకం పెట్టీయకూడదా?" అన్నాడు పైడిరాజు.

అదే మాట ఆ సాయంత్రం ఇంటి దగ్గర ఆమె తండ్రి సూరప్పడి చెవిన పడింది. సూరప్పడు అదే యార్డులో కలాసీ, బెల్లం దిమ్మలు మోసి మోసి భుజం కాయకాసిన మనిషి. "నానెప్పుడూ ఆళ్లు సూపించిన కాడ ఏలు ఒత్తీసినోణ్ణి. అందులో ఏటుందో నాకెవుడు సెప్పేడు?" అన్నాడు. "నువ్వు సదూకున్నావు. నీ సంతకం కింద అబద్దం ఉండకూడదు. ఆ దెయ్యం ఒచ్చినాకే పెట్టు."

నూకరత్నం పెట్టలేదు.

మరుసటి వారం జిల్లా ఉప సంచాలకులు (తృప్తి) వైకుంఠరావు గారు జీపులో దిగారు. పఠన మందిరంలో దినపత్రికలు చదువుకునేవాళ్లను ఒక పక్కకు జరిపి విచారణ పెట్టారు.

"అర్జీదారు నూకరత్నం గారూ, తమరి అర్జీని ఈ కార్యాలయం సానుభూతితోనూ, నిబంధనలకు లోబడియూ పరిశీలిస్తున్నది. అన్యాయం జరిగినదని తమరు స్వదస్తూరీతో పేర్కొన్నారు. అన్యాయము చేసిన వ్యక్తి?"

"రుద్రసేనుడండి."

"తండ్రి పేరు?"

"మహారాజు వీరసేనుడు. రెండో భాగంలో ఉంది."

"వృత్తి?"

నూకరత్నం ఆలోచించింది. "ప్రస్తుతం ఏమీ లేదండి. గతంలో యువరాజు."

"నిరుద్యోగి," అని వైకుంఠరావు గారు గుమాస్తాకు చెప్పి రాయించారు. "నివాసము?"

"నీలిమేడ, రెండో అంతస్తు, పడమటి గది."

"సార్," అన్నాడు పైడిరాజు మెల్లగా, "ఆయన కథలో మనిషండి."

"పైడిరాజు గారూ," అని వైకుంఠరావు గారు కళ్లద్దాలు తీశారు. "ప్రతివాది అస్తిత్వమును తేల్చుట మన పరిధి కాదు. మన పరిధి తృప్తి. అస్తిత్వము రెవెన్యూ వారిది."

రెవెన్యూ వారికి రాశారు. నీలిమేడ పేరుతో ముసిడిపాలెం పరిధిలో ఏ కట్టడమూ లేదని, రెండంతస్తులు గలది రైసుమిల్లు ఒక్కటేనని, అందులో విచారించగా యువరాజులెవరూ అద్దెకు లేరని వీఆర్వో నివేదిక పంపాడు. అందుచేత నోటీసును రైసుమిల్లు గోడకు అంటించారు. వాయిదా రోజున ప్రతివాది రాలేదు. రెండో నోటీసు అంటించారు. రాలేదు. మూడోది రిజిస్టర్డు పోస్టులో పంపారు. పోస్ట్‌మన్ కుటుంబరావు ఆ వరస నవలలు చదివినవాడు. కవరు మీద 'చిరునామాదారు మరణించారు' అని రాసి, నిజాయితీగా వెనక్కి పంపేశాడు.

దాంతో ఫైలు న్యాయ విభాగానికి ఎక్కింది. ప్రతివాది మరణిస్తే అర్జీ కొట్టేయవచ్చని వైకుంఠరావు గారి ఆశ. న్యాయ విభాగం ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. 'ప్రతివాది మరణము నూట ముప్పై సంవత్సరముల క్రితము. వాగ్దాన భంగము గత పౌర్ణమి. అనగా అపరాధము మరణానంతరము జరిగినది. కావున మరణము ప్రతివాదికి మినహాయింపు కాజాలదు.'

ముప్పై రోజుల గడువులో ఇరవై నాలుగు గడిచిపోయాయి. ఊళ్లో 'ప్రేతప్రియుడు' వరస చదివే ఆడవాళ్లు పదకొండుమంది ఉన్నారు. ఆరో భాగం కోసం వాళ్లంతా నూకరత్నం వెనక వరసలో ఉన్నారు. వాళ్లు కాటా గది ముందు చేరారు.

"ఒక్క టిక్కు మార్చీవే తల్లీ," అంది టీచరమ్మ.

"మారుస్తాను టీచర్ గారూ. ఆయన రాలేదు కదండీ మరి? మీరు చదివారు కదా."

"రాలేదనుకో..." అంది టీచరమ్మ. ఆవిడకూ కోపంగానే ఉంది. "ఆ పిల్ల అలా మెట్ల మీద కూర్చుంటే నాకు అన్నం సయించలేదు. నిజమే. మార్చకులే."

ఇరవై ఐదో రోజున వైకుంఠరావు గారికి దారి దొరికింది. ఏ ఆఫీసులోనైనా ఒక కుర్చీలో మనిషి లేకపోతే ఏం చేస్తారు? పక్క కుర్చీలో మనిషికి అదనపు బాధ్యతలు ఇస్తారు. జిల్లాలో సగం కుర్చీలు అలాగే నడుస్తున్నాయి. తహసీల్దారు ఇన్‌చార్జి, ఇంజనీరు ఇన్‌చార్జి, ఆ మాటకొస్తే వైకుంఠరావు గారే పథకం పుట్టిన నాటి నుంచి ఇన్‌చార్జి. కనుక ఉత్తర్వు వెలువడింది:

'ప్రేతప్రియుడు నవలలో కథానాయకుని స్థానము, సదరు శ్రీ రుద్రసేనుడు విధులకు హాజరు కానందున, ఖాళీగా పరిగణింపబడినది. పాలనా సౌలభ్యము దృష్ట్యా ముసిడిపాలెం శాఖా గ్రంథాలయాధికారి శ్రీ పైడిరాజు తమ విధులకు అదనముగా, ఎట్టి అదనపు భత్యము లేకుండ, రుద్రసేనునిగా పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించవలెను. రాబోవు పౌర్ణమినాడు అర్జీదారు ఎదుట హాజరై వాగ్దానము నెరవేర్చవలెను. చంద్రోదయము కార్యాలయ వేళలకు వెలుపల అగుటచే సాయంత్రము ఐదు లోపుననే హాజరు కావలెను. రాజోచిత దుస్తులకు నిధులు లేనందున స్వంత దుస్తులు ధరించవచ్చును.'

పౌర్ణమినాడు నాలుగూ నలభైకి పైడిరాజు బెల్లం యార్డులోకి అడుగుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. దాని మీద పేరు పక్కన 'రుద్రసేనుడు (ఇన్‌చార్జి)' అని అచ్చు. కలాసీలు దిమ్మలు దించడం ఆపేశారు.

"ఓలమ్మ! దెయ్యంగారొచ్చీసేరు రోయ్!"

"ఏటి బాబూ, గోడలోంచి రాకుండా గేటులోంచి ఒచ్చేరేటి?"

"పగలు కదరా, డూటీ టైము. రేత్రికైతే ఓటీ ఇవ్వాల."

పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి. అద్దాల గది ముందు లారీలు ఎక్కే పళ్లెం మీద నిలబడి, ఉత్తర్వులో రాసిన మాటలు అప్పజెప్పాడు. "అలేఖ్యా... అనగా అర్జీదారు గారూ... నేను రుద్రసేనుణ్ణి. ఇన్‌చార్జి. ఇచ్చిన మాట ప్రకారం పౌర్ణమికి వచ్చాను. తృప్తి కలిగితే ఈ కాగితం మీద..."

నూకరత్నం తెర మీది అంకె చూసింది. అరవై.

"మీరు అరవై కేజీలున్నారండి. ఆయనకి బరువు లేదు. మూడో భాగంలో మంచు మీద నడిచినా అడుగు పడదు."

"దానికి నన్నేటి చెయ్యమంటావమ్మా?"

"మిమ్మల్నేమీ అనట్లేదు పైడిరాజు గారూ. నేనున్నది ఉన్నట్టు రాస్తాను." రాసింది కూడా: 'హాజరైన వ్యక్తి బరువు అరవై కిలోలు. ప్రతివాదికి బరువు లేదు. కనుక ప్రతివాది రాలేదు.' కింద అలవాటుగా సంతకం చేసి, వేళ కూడా వేసింది.

పైడిరాజు పళ్లెం మీదే కూలబడ్డాడు. వెనకాల లారీ హారను కొడుతున్నా లేవలేదు. ఆ మనిషిని చూస్తే నూకరత్నానికి జాలేసింది. చేతిలోంచి ఉత్తర్వు తీసుకుని, వెనక పేజీ తిప్పింది. చీటీల వెనక సన్న అక్షరాలు కూడా చదవడం ఆమెకు అలవాటు. ఆ వెనక పేజీ రాసినవాళ్లు కూడా చదివి ఉండరు.

"ఇదిగో, తొమ్మిదో అంశం చూడండి. 'ప్రతివాదికి ఫైలులోని సమస్త పత్రములు, గ్రంథములు పొందుటకు, వానిని అర్జీదారునకు అందజేయుటకు హక్కు కలదు. అయితే ప్రతివాది వానిని సాంతము చదివినట్లు ముందుగా ధ్రువీకరించవలెను.' మీరే కదా ఇప్పుడు ప్రతివాది?"

పైడిరాజు తలెత్తాడు. "అంటే... ఆరో భాగం నేనడగొచ్చునా?"

"అడగొచ్చు. కాకపోతే చదవాలి."

ఇరవై రెండేళ్లు కాపాడుకున్న నియమం అది. పైడిరాజు పళ్లెం దిగి లారీకి దారి ఇచ్చాడు. తరవాత దరఖాస్తు రాశాడు. ఇన్‌చార్జి అయినా ప్రతివాది ప్రతివాదే కనుక జిల్లా ఆఫీసు కాదనలేకపోయింది. రెండో రోజుకల్లా ఆరో భాగం సీలు వేసిన కవరులో ఆయన పేరు మీదికి వచ్చింది.

మర్నాడు పదకొండైనా గ్రంథాలయం తలుపు తెరుచుకోలేదు. పన్నెండుకు పైడిరాజు కాటా గది దగ్గరికి వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి. గడ్డం గీయలేదు. ఆరో భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. "వచ్చాడాండీ?"

పైడిరాజు పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. "నేను చెప్పకూడదమ్మా. చదువుకో."

లారీలు ఆగాయి, కదిలాయి. చీటీలు రాస్తూనే నూకరత్నం చదివింది. తొంభై రెండో పేజీలో తెలిసింది. ఆ పౌర్ణమికి చంద్రగ్రహణం. గ్రహణం విడిచేదాకా ప్రేతాలు గడప దాటకూడదు. విడిచేసరికి తెల్లారిపోయింది. అతను ఆ తరవాత ప్రతి రాత్రీ వచ్చి మెట్ల మీద, ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఆమె మేడ ఖాళీ చేసి వెళ్లిపోయిందని తెలియక. చివరికి అలేఖ్య మరిచిపోయిన గొడుగు కోసం వచ్చింది.

నూకరత్నం పుస్తకం మూసి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ పూట ఒక లారీని రెండుసార్లు తూచింది. సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి, ఎవరూ అడక్కుండానే తృప్తి గడిలో టిక్కు పెట్టింది. 'వచ్చాడు. రానిరోజుకు కారణం ఉంది. కారణం సబబుగా ఉంది,' అని రాసి సంతకం చేసింది.

అర్జీకి అది ఇరవై తొమ్మిదో రోజు. వైకుంఠరావు గారు ఫోనులోనే పొంగిపోయారు. "భేష్! జిల్లా తిరిగి శత శాతము సాధించినది! పైడిరాజు గారూ, ఆ గ్రంథము తమరి పేరు మీద జారీ అయినది కనుక తమరునూ ఒక అభిప్రాయ పత్రము నింపి, లాంఛనముగా ఫైలు మూసివేయుడు. అటుపై ఏడో భాగము అర్జీదారుకు జారీ చేయవచ్చును."

ఏడో భాగం బల్ల మీదే ఉంది, కొత్త అట్ట వేసుకుని. నూకరత్నం అటే చూస్తోంది. పైడిరాజు పత్రం ముందు పెట్టుకుని పెన్ను పట్టుకున్నాడు. పెన్ను తృప్తి గడి మీదికి వెళ్లింది. ఆగింది.

"ఏటండీ?" అంది నూకరత్నం.

"ఏం లేదమ్మా." మళ్లీ పెన్ను ఆడించాడు. మళ్లీ ఆగింది. ఇక పట్టలేకపోయాడు. "అది కాదు రత్నమ్మా, నువ్వే చెప్పు. గ్రహణం ఆయన పెట్టేడేటి? నెల్లాళ్లు ఆ మెట్ల మీద కూర్చున్నాడా లేదా? ఆవిడ గొడుగు కోసం వచ్చి, 'ఇన్నాళ్లూ ఏమయ్యావు' అని ఆయన్నే దులిపీసింది. చివరికి ఆయన చేతే క్షమాపణ చెప్పించేరు. ఆయన మీద ఒక్కరికీ జాలి లేదు. నలుగురూ నవ్వుతుంటే నిలబడినోడికి తెలుస్తాది ఆ బాధ. అలేఖ్య చెప్పాల క్షమాపణ!"

నూకరత్నం ఆయన్ని విడ్డూరంగా చూసింది. ఇరవై రెండేళ్లలో పైడిరాజు ఒక పుస్తకం గురించి ఇన్ని మాటలు మాట్లాడగా ఎవరూ వినలేదు.

"ఐతే అదే రాయండి."

"రాస్తే అసంతృప్తి అవుతాది. అర్జీ అవుతాది. ఏడో భాగం మళ్లీ ఫైల్లోకి పోతాది. నువ్వు చూస్తే దానికోసం..." పైడిరాజు గొంతు తగ్గించాడు. "పోనీలే. తృప్తి అని పెట్టీస్తాను. ఒక్క టిక్కే కదా."

నూకరత్నం చెయ్యి ఏడో భాగం మీద ఉంది. అట్ట మీద నీలిమేడ, మెట్ల మీద ఒక గొడుగు. లోపల అలేఖ్య ఏం చెప్పిందో ఉంది. తెరిచి ఒక్క పేజీ చూసినా ఎవరూ కాదనరు. ఆమె చెయ్యి తీసేసింది. పుస్తకాన్ని బల్ల మీద ఆయన వైపు జరిపింది.

"ఉన్నదున్నట్టు రాయండి పైడిరాజు గారూ. ఎనిమిది గీతలు చాలకపోతే వెనకాల కూడా రాయొచ్చు."

పైడిరాజు వెనకాల కూడా రాశాడు.

నాలుగు రోజులకు జిల్లా ఆఫీసులో కొత్త చిక్కు వచ్చింది. ఇన్‌చార్జి రుద్రసేనుడే అర్జీదారు అయ్యాడు. ఒకే మనిషి అర్జీదారూ ప్రతివాదీ కాకూడదని న్యాయ విభాగం తేల్చింది. కనుక పైడిరాజును రుద్రసేనుడి బాధ్యతల నుంచి తప్పించి, నిబంధనల ప్రకారం ఆ బాధ్యతలు ఆయన పై అధికారికి అప్పగించారు. అర్జీలోని క్షమాపణ విషయమై వచ్చే పౌర్ణమినాడు కొత్త ఇన్‌చార్జి ముసిడిపాలెంలో స్వయంగా హాజరు కావాలి. ఫైలులోని గ్రంథములన్నీ సాంతము చదివినట్లు ముందుగా ధ్రువీకరించాలి.

కాటా గదిలో ఫోను మోగింది. అవతల వైకుంఠరావు గారు. గొంతులో గ్రాంథికం కాస్త సడలింది.

"అమ్మా నూకరత్నం గారూ... బాగున్నారా? పైడిరాజు గారితో చెప్పి ఆ ఆరో భాగం ఒకసారి పంపించగలరా? వారం రోజుల్లో చదివెయ్యాలట నేను."

"పంపిస్తాను సార్. కాని ఆరోది కాదండి, ఒకటో భాగం పంపిస్తాను. అక్కణ్ణించి చదవండి. మధ్యలోంచి మొదలెడితే ఆయన ఎలా చచ్చిపోయాడో మీకు తెలీదు."